జ్వరం కన్నా ముందు బిడ్డను చూడండి



చంటిబిడ్డకు జ్వరం చాలావరకు పొద్దుగూకాకే పెరుగుతుంది. పగలంతా కాస్త నలతగా ఉన్న బిడ్డకు దీపాలు పెట్టేవేళకి ఒళ్ళు వెచ్చబడుతుంది. పదింటికల్లా కాలిపోతుంటుంది. మనిషి ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండటం సహజం. జ్వరమూ ఆ పద్ధతిలోనే ఎక్కుతుంది, దిగుతుంది. సరిగ్గా ఆ వేళకే ఊళ్లో డాక్టర్లు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఇంట్లో ఒకరు ఇప్పుడే తీసుకెళ్దాం అంటారు. ఇంకొకరు తెల్లారనిద్దాం అంటారు. నాయనమ్మ ముందు దిష్టి తీసి చూద్దాం అంటుంది. బిడ్డను కన్నతల్లి ఏమీ తోచక అందరి మొహాలూ చూస్తుంటుంది.

ఆ రాత్రి ఏం చెయ్యాలో ఈవేళ మాట్లాడుకుందాం. నేను పిల్లల డాక్టర్ని. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డనూ పరుగున ఆసుపత్రికి తెమ్మని నేను చెప్పను. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. రెండు మూడు రోజులుండి వాటంతటవే తగ్గిపోతాయి. వాటి మధ్యలోనే కొన్ని జ్వరాలు గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఏదో గుర్తుపట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు, అదీ ఇదే వరసలో. బిడ్డ వయసెంత? బిడ్డ ఎలా ఉంది? జ్వరం ఎన్నాళ్ల నుంచి? థర్మామీటరు ఎంత చూపించిందన్నది ఈ మూడింటి తర్వాతే.

మా ఓపీలో తరచూ కనిపించేదే ఒకటి చెబుతాను. పదకొండు నెలల పిల్లవాడు 103 డిగ్రీల జ్వరంతో వస్తాడు. అమ్మ కళ్లలో నీళ్లు. వాడు మాత్రం నా స్టెతస్కోపు పట్టుకుని లాగుతుంటాడు, బిస్కెట్ ఇస్తే అందుకుంటాడు, సూది చూసి ఊరు దద్దరిల్లేలా ఏడుస్తాడు. అదే వరసలో, వెనకాల, నెల రోజుల పసిగుడ్డు. జ్వరం 100 లోపే. నాలుగు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తుంది, కళ్లు మూసుకుంటుంది, కదిపినా సరిగ్గా ఏడవదు. “పెద్ద జ్వరమేం లేదండీ, నిన్నట్నుంచి కాస్త వెచ్చగా ఉంటోంది, అంతే” అంటారు తెచ్చినవాళ్లు. నేను ముందుగా లోపలికి పిలిచేది ఆ నెల బిడ్డనే. 103 ఉన్న పిల్లవాడు కాసేపు ఆగగలడు. నెల బిడ్డ ఆగలేదు.

ఇక మొదటి ప్రశ్న, వయసు. బిడ్డకు మూడు నెలలు నిండలేదా? అయితే ఇంకే లెక్కా చూడనక్కర్లేదు. చంకలో పెట్టి చూస్తే 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 37.5 సెల్సియస్, దాటిందంటే ఆ రోజే, రాత్రయితే ఆ రాత్రే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పే పద్ధతిలో రెండు నెలలలోపు బిడ్డకు ఈ అంకెనే ప్రమాద సూచనగా పెట్టారు. పిల్లల డాక్టర్లం మూడు నెలల దాకా అదే జాగ్రత్త పాటిస్తాం. బిడ్డ చూడ్డానికి బాగానే ఉన్నా సరే, జలుబు వల్లే వచ్చిందనిపించినా సరే, చూపించాల్సిందే.

ఎందుకింత పట్టుదల? ఆ వయసులో బిడ్డకు రోగంతో పోరాడే శక్తి ఇంకా కుదురుకోలేదు. పెంటావాలెంట్ లాంటి ముఖ్యమైన టీకాలు మొదలయ్యేదే ఆరు వారాలకు. ఒంట్లో ఎక్కడైనా బాక్టీరియా చేరితే అది అక్కడ ఆగకుండా రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకిపోగలదు. పెద్దవాళ్లకు మెదడు పొరల వాపు వస్తే మెడ బిగుసుకుంటుంది, తల పగిలిపోతోందని చెబుతారు. నెల బిడ్డకు మెడ బిగుసుకోకపోవచ్చు. చెప్పడానికి మాట రాదు. కాస్త వేడి, కాస్త మగత, పాలు తగ్గడం, చాలాసార్లు ఇంతకు మించి ఏమీ కనిపించదు.

ఇంకొక మాట కూడా జ్ఞాపకం పెట్టుకోండి. పసికందుకు జబ్బు చేస్తే ఒళ్ళు వేడెక్కడానికి బదులు చల్లబడిపోవచ్చు. చంకలో 95.9 కన్నా, అంటే 35.5 సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే అది జ్వరమంత ప్రమాదం. పొట్ట మీద చెయ్యి పెట్టినా చల్లగా తగులుతోందంటే ఆలస్యం చెయ్యకండి. బిడ్డను తల్లి గుండెకు నేరుగా, ఒంటికి ఒళ్ళు తగిలేలా హత్తుకుని, పైన దుప్పటి కప్పి తీసుకురండి. దారిలో తాగగలిగితే పాలు పడుతూనే ఉండండి.

వేసవిలో ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో గదే ఉడికిపోతుంటుంది. అలాంటప్పుడు కూడా బాలింత గదికి గాలి తగలకూడదని కిటికీలు బిగించి, బిడ్డకు టోపీ, సాక్సులు, రెండు పొరల గుడ్డలు చుట్టి ఉంచుతారు. అలా చుట్టిన బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉంటే గుడ్డలు వదులు చేసి, పాలు పట్టి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ కొలవండి. మామూలుకు వచ్చి, బిడ్డ చురుగ్గా పాలు తాగుతుంటే అది గుడ్డల వేడే. రాకపోతే మాత్రం బయల్దేరండి. పుట్టిన మొదటి వారంలో, తల్లికి ఇంకా పాలు సరిగ్గా పడనప్పుడు, ఒంట్లో నీరు తగ్గి కూడా జ్వరం వస్తుంది. కానీ అది నీరు తగ్గి వచ్చిందని ఇంట్లో తేల్చుకోకండి. ఆ మాట బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

అంత చిన్న బిడ్డను తీసుకెళ్తే రక్తం తీస్తారు, మూత్రం పరీక్ష చేస్తారు, ఒక్కోసారి వెన్నులోంచి నీరు తీయాలంటారు. ఈ చివరి మాట వినగానే చాలామంది సంతకం పెట్టకుండా బిడ్డను తీసుకుని వెళ్లిపోతారు. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని భయం. వెన్నుపాము ముగిసిన చోటుకు ఇంకా కిందుగా, నీరు ఉండే భాగంలో ఆ సూది వేస్తారు. దానివల్ల కాళ్లు పడిపోవు. మెదడు పొరల వాపును సమయానికి పట్టుకోలేకపోతే మాత్రం చెవుడు, ఫిట్స్, ఎదుగుదల లోపాలు మిగలవచ్చు. దయచేసి ఆ పరీక్షకు ఒప్పుకోండి.

రెండో ప్రశ్న, బిడ్డ ఎలా ఉంది. ఇది ముఖ్యంగా మూడు నెలలు దాటిన పిల్లలకు. జ్వరం 101 అయినా 103 అయినా, ముందు నాలుగు సంగతులు చూడండి. పాలు, ఊపిరి, చూపు, మూత్రం.

పాలు తాగుతోందా? జ్వరంలో కొంత తగ్గడం మామూలే. అసలు రొమ్మే పట్టకపోతే, తాగిందంతా వెంటనే కక్కేస్తుంటే, చుక్క కూడా నిలవకపోతే అది ప్రమాదం.

ఊపిరి ఎలా తీస్తోంది? దీన్ని లెక్కపెట్టి తీరాలి. ఇప్పుడు మీ ఒళ్లో బిడ్డ ఉంటే నేను చెబుతుండగానే చెయ్యండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడుపు మాని ఊరుకున్నప్పుడో చొక్కా పైకి తియ్యండి. రొమ్ములకు కింద, పొట్టకు పైన చూపు నిలపండి. పొట్ట ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగు రెట్లు చెయ్యడం వద్దు. పసిపిల్లలు కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా ఊపిరి తీస్తారు, ఆ లెక్క తప్పుతుంది. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40 లేదా అంతకు మించి వస్తే అది ఆయాసమే. జ్వరం మంచి జోరు మీద ఉన్నప్పుడు ఊపిరి కొంత వేగం అవుతుంది కాబట్టి కాస్త తగ్గాక ఇంకోసారి లెక్కపెట్టండి. డొక్కలు ఎగరేస్తుంటే, ముక్కు పుటాలు అదురుతుంటే, ఊపిరితో పాటు మూలుగు వినిపిస్తుంటే ఇక లెక్కలతో పని లేదు, బయల్దేరండి. న్యుమోనియా అలాగే మొదలవుతుంది.

చూపు ఎలా ఉంది? జ్వరం మందు వేసిన గంటకు వేడి కాస్త దిగుతుంది. అప్పుడు బిడ్డ మీ మొహం చూసి నవ్విందా, బొమ్మ అందుకుందా, అక్కయ్య పిలిస్తే తిరిగి చూసిందా? అయితే మీరు నిబ్బరంగా ఉండొచ్చు. వేడి దిగినా కళ్లు తెరవకుండా మగతగా పడి ఉంటే, లేపినా లేవకపోతే, ఎత్తుకుంటే ఇంకా గట్టిగా గుక్కపట్టి ఏడుస్తూ ఎంతకీ ఊరుకోకపోతే ఆ జ్వరం మామూలుది కాదు. మాడు మీద వేలు పెట్టి చూడండి. బిడ్డ కూర్చుని, ఏడవకుండా ఉన్నప్పుడు మాడు మెత్తగా, సమంగా ఉండాలి. ఉబ్బి గట్టిగా తగిలినా, గుంటపడి లోపలికి పోయినా వెంటనే చూపించాలి.

మూత్రం పోస్తోందా? ఆరు గంటలు దాటినా లంగోటా తడవలేదంటే ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, నోరు ఎండిపోవడం కూడా దాని గుర్తులే. ఎనిమిది గంటలు దాటితే ఇంక ఇంట్లో ఉంచకండి.

ఒంటి రంగు కూడా చూడండి. పెదాలు నీలంగా మారినా, చేతులు, కాళ్లు చల్లబడి చర్మం పాలిపోయినా ప్రమాదమే. ఒంటి మీద ఎర్రటి, ఊదారంగు మచ్చలు వస్తే గాజు గ్లాసు పక్క భాగంతో నొక్కి చూడండి. నొక్కినప్పుడు గాజులోంచి మచ్చ మాయమైతే చాలావరకు భయం లేదు. మాయం కాకుండా అలాగే కనబడుతుంటే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం. ఆ బిడ్డ ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకూడదు.

మూడో ప్రశ్న, ఎన్నాళ్ల నుంచి. రెండేళ్లలోపు బిడ్డకు జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలు లేవు, వట్టి జ్వరమే ఒక రోజు దాటి ఉంటే డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. పసిపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే చాలాసార్లు జ్వరం తప్ప వేరే లక్షణం ఉండదు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. పట్టించుకోకుండా వదిలేస్తే కిడ్నీ మీద మచ్చలు పడవచ్చు. జలుబు, దగ్గుతో పాటు జ్వరం వచ్చి బిడ్డ చురుగ్గా ఉంటే రెండు రోజులు చూడవచ్చు. మూడో రోజుకీ తగ్గకపోతే చూపించండి. మూడు నెలల నుంచి ఆరు నెలలలోపు బిడ్డకు 102 దాటినా, ఏ వయసు పిల్లలకైనా 104 దాటినా రోజులు లెక్కపెట్టకండి, ఆ రోజే చూపించండి. ఏ మందుకూ లొంగకుండా అయిదు రోజులు జ్వరం ఉండి, కళ్లు ఎర్రబడి, పెదాలు పగిలి ఎర్రగా ఉంటే కవాసాకి జబ్బేమో చూడాలి. అది గుండె రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మొదటి పది రోజుల్లో మందు ఇస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

వానాకాలం మొదలైన దగ్గర్నుంచి చలి ముదిరే దాకా మన రెండు రాష్ట్రాల్లోనూ డెంగ్యూ ఉంటుంది. డెంగ్యూలో జ్వరం దిగిపోయే సమయమే అసలు ప్రమాదకాలం. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల వేడి తగ్గుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలవుతుంది. జ్వరం తగ్గినా బిడ్డ నీరసంగా పడి ఉంటే, పదేపదే వాంతులు అవుతుంటే, పొట్ట ముట్టుకుంటే ఏడుస్తుంటే, ముక్కులోంచో పళ్ల చిగుళ్లలోంచో రక్తం వస్తే, చేతులు, కాళ్లు చల్లబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లికి అంతకుముందెప్పుడో డెంగ్యూ వచ్చి ఉంటే ఆమె నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల ఏడాదిలోపు బిడ్డకు మొదటిసారే జబ్బు తీవ్రంగా రావచ్చు. మీకు డెంగ్యూ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం వైపు ఉండేవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. మీ ప్రాంతంలో ప్రతి జ్వరానికీ, అది ఎంత చిన్నదైనా, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించాలి. మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరే పరీక్ష కిట్టు ఉంటుంది. ఒక చుక్క రక్తంతో పావుగంటలో తెలిసిపోతుంది. పరీక్షలో మలేరియా అని తేలితే మందు కూడా ఆమె దగ్గరే మొదలవుతుంది.

మూడు నెలలలోపు బిడ్డకైనా టీకా వేయించిన రాత్రి వచ్చే జ్వరం వేరు. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్ తర్వాత ఆ రోజే జ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఏఎన్ఎం ఇచ్చిన పారాసిటమాల్ ఆమె చెప్పిన మోతాదులోనే వెయ్యండి. తొమ్మిదో నెల దాటాక వేసే తట్టు టీకాకు మాత్రం జ్వరం వెంటనే రాదు, వారం పది రోజులకు వస్తుంది. రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, బిడ్డ పాలు మానేసినా అది టీకా జ్వరం అనుకుని ఊరుకోకండి. పళ్లు వచ్చేటప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు గానీ, 101, 102 జ్వరం పళ్ల వల్ల రాదు. పళ్ల జ్వరం అనుకుని ఇంట్లో ఉంచిన బిడ్డల్లో న్యుమోనియా, మూత్రం ఇన్ఫెక్షన్ ఆలస్యంగా బయటపడుతుంటాయి.

ఇప్పుడు ఫిట్స్ గురించి. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. కళ్లు తేలేసి, చేతులు, కాళ్లు కొట్టుకుంటుంటే చూసే తల్లికి ప్రాణం పోయినంత పని అవుతుంది. అయినా ఇవి చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడును దెబ్బతీయవు. అప్పుడు చెయ్యవలసింది ఇంతే. బిడ్డను చాప మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర గుడ్డలు వదులు చెయ్యండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు పెట్టకండి. నీళ్లు పొయ్యకండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన ఫిట్స్‌ను అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆరు నెలలలోపు బిడ్డకు వస్తే, ఒకే రోజులో మళ్ళీ వస్తే, ఆగాక కూడా బిడ్డ తెలివిలోకి రాకపోతే క్షణం ఆగకూడదు.

ఇక కొలవడం గురించి. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం లేదని తల్లి చెబితే అది చాలావరకు నిజమే అవుతుంది. ఉందనిపిస్తే మాత్రం కొలిచి చూడాలి. డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, పాదరసం గాజు గొట్టం వద్దు. చంకలో చెమట తుడిచి, మొన సరిగ్గా చంక గుంటలో ఉండేలా పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి కూత వచ్చేదాకా పట్టుకోండి. స్నానం చేయించిన వెంటనే చూడకండి. చంకలో చూసి దానికి ఒక డిగ్రీ కలపడం లాంటి లెక్కలు వద్దు. ఎక్కడ పెట్టారో, ఎంత చూపించిందో, ఏ టైముకో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆ కాగితం మాకెంతో ఉపయోగపడుతుంది.

జ్వరం మెదడుకు ఎక్కుతుందని చాలామందికి భయం. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరాన్ని ఒక హద్దు దాటనివ్వకుండా మెదడే అదుపులో ఉంచుతుంది. 103, 104 జ్వరం వల్ల మెదడు దెబ్బతినదు. ఎండదెబ్బ మాత్రం వేరు. తలుపులు మూసిన కారులోనో, రేకుల షెడ్డులోనో బిడ్డ వేడికి సోలిపోతే వెంటనే నీడకు తెచ్చి, నీళ్లతో ఒళ్ళు తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దానికి పారాసిటమాల్ పనిచెయ్యదు.

పారాసిటమాల్ మంచి మందు. వయసును బట్టి కాకుండా బరువును బట్టి ఇవ్వాలి. కిలో బరువుకు ఒక్కో మోతాదు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఆరు కిలోల బిడ్డకైతే 60 నుంచి 90 మిల్లీగ్రాములు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. చుక్కల మందు సీసాలో చాలావాటిలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 అని ఒక సీసా మీద, 250 అని ఇంకో సీసా మీద ఉంటుంది. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని చుక్కల మందు అయిదు మిల్లీలీటర్లు పోస్తే ఆ ఆరు కిలోల బిడ్డ కడుపులోకి ఒకేసారి 500 మిల్లీగ్రాములు వెళ్తాయి. అది లివరుకు ప్రమాదం. సీసా మీద ఏముందో మందుల షాపులోనే చదివించుకోండి. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి. టీకా జ్వరానికి ఏఎన్ఎం ఇచ్చినది తప్ప, మూడు నెలలలోపు బిడ్డకు డాక్టరు చూడకుండా ఈ మందు కూడా వెయ్యకండి. హాయిగా నిద్రపోతున్న బిడ్డను మందు కోసం లేపకండి. మందుతో వేడి దిగిందంటే జబ్బు చిన్నదని కాదు. వేడి దిగాక బిడ్డ ఎలా ఉందన్నదే చూడాలి.

పిల్లలకు యాస్పిరిన్ వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి డాక్టరు రాస్తే తప్ప వెయ్యకండి, డెంగ్యూ ఉన్న బిడ్డకు రక్తస్రావం పెంచుతాయి. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ పొడిలో నీళ్లు కలిపి పట్టకండి. జ్వరం రాగానే సూది వేయించుకునే అలవాటు కూడా మానుకోండి. ఆ సూదిలో ఏం ఉందో తెలియకుండా జ్వరం దిగిపోతే అసలు జబ్బు లోపల పెరిగిపోతుంది.

ఇంట్లో చెయ్యదగినవి చాలా ఉన్నాయి. పల్చటి నూలు చొక్కా వెయ్యండి, ఫ్యాను వెయ్యండి, తల్లిపాలు మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు గంజి, పప్పుకట్టు, కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఒళ్ళు తుడవాలనుకుంటే గోరువెచ్చటి నీళ్లతో తుడవండి. ఐసు నీళ్లు, స్పిరిట్ వద్దు. దిష్టి తీస్తే బిడ్డకు నష్టం లేదు, అందువల్ల ఆలస్యం కానంతవరకు. కానీ పొట్ట మీద వాతలు పెట్టడం, పసరు పొయ్యడం, నూనె ముక్కుల్లో వెయ్యడం మాత్రం బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆ పని ఎవరు చేస్తామన్నా అడ్డుపడండి.

డబ్బు గురించి వెనకాడేవాళ్లకు ఈ మాట. ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రాకపోకల వాహనం అన్నీ ఉచితం. జననీ శిశు సురక్షా కార్యక్రమం పేరుతో 2011లో ముప్పై రోజుల పసికందుల కోసం మొదలైన ఈ సదుపాయాన్ని తర్వాత ఏడాది నిండేదాకా పెంచారు. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ప్రత్యేక వార్డులున్నాయి. 108 వాహనం అర్ధరాత్రయినా వస్తుంది. ప్రసవం తర్వాత మొదటి ఆరు వారాల్లో ఆశా కార్యకర్త కనీసం ఆరుసార్లు మీ ఇంటికి రావాలి. ఆమె దగ్గర థర్మామీటరు ఉంటుంది. ఆమె ఫోన్ నంబరు మాతా శిశు రక్షణ కార్డు అట్ట మీద ఇవాళే రాసి పెట్టుకోండి. ఆ కార్డు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి పేరు, అవసరానికి వచ్చే ఆటో అబ్బాయి నంబరు, ఈ మూడూ బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజే ఒకచోట పెట్టుకోండి.

చివరిగా ఇంట్లో పెద్దలకు, నాన్నలకు, అత్తమామలకు ఒక మనవి. నేను చెప్పిన అంకెలన్నీ గుర్తుండకపోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. బిడ్డను రాత్రింబవళ్లు ఒళ్లో పెట్టుకునేది తల్లి. ఈ బిడ్డ ఎలా తాగుతుందో, ఎలా ఏడుస్తుందో, ఎలా నిద్రపోతుందో ఆమెకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. “బిడ్డ ఎప్పటిలా లేదు, నాకు భయంగా ఉంది” అని తల్లి అంటే, థర్మామీటరు ఎంత చూపించినా సరే, పిల్లల డాక్టర్లం ఆ మాటను జబ్బు గుర్తుల్లో ఒకటిగానే లెక్కవేస్తాం. మీరూ అలాగే చూడండి. చిన్నపిల్ల, మొదటి కాన్పు, దానికేం తెలుసు అని ఆమె మాట కొట్టిపారెయ్యకండి. తీసుకెళ్లాక డాక్టరు చూసి ఏమీ లేదంటే అది దండగ ప్రయాణం కాదు, మంచి వార్త. తల్లి వెళ్దాం అన్న రాత్రి ఇంటిల్లిపాదీ ఆమె వెంట బయల్దేరండి.